మస్టాంగ్ జీటీకి కొత్త అలాయ్స్: 10.5 వెడల్పు, ఈటీ25 పెట్టమంటున్నారు, పడుతుందా?

కొండాపూర్_వీ8:

అందరికీ నమస్తే. కారు 2018 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, 5.0 లీటర్ల ఆటోమేటిక్. సస్పెన్షన్ మొత్తం కంపెనీదే. కిందికి దించలేదు, దించే ఆలోచన కూడా లేదు. ఇప్పుడు ముందు 19 × 9 ఈటీ45 (ఈటీ అంటే ఆఫ్‌సెట్, రిమ్ మధ్యరేఖ కన్నా కారుకు ఆనే ముఖం ఎన్ని మి.మీ. బయటికుందో ఆ అంకె) రిమ్ మీద 255/40 ఆర్19 (255 మి.మీ. వెడల్పు, అందులో 40 శాతం సైడ్‌వాల్ ఎత్తు, 19 అంగుళాల రిమ్), వెనక 19 × 9.5 ఈటీ52.5 రిమ్ మీద 275/40 ఆర్19 ఉన్నాయి. టైర్లు ఎలాగూ అరిగిపోయాయి కాబట్టి అలాయ్స్ కూడా ఒకేసారి మార్చేద్దామని చూస్తున్నా.

వారమంతా కొండాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు, ఆదివారం పొద్దున్నే ఓఆర్‌ఆర్ మీద, అప్పుడప్పుడు అనంతగిరి ఘాట్. ట్రాక్‌కు తీసుకెళ్లను. చక్రాలు లోపలికి పోయినట్టు కనిపిస్తున్నాయి, ఫెండర్ అంచు దాకా వస్తే చాలు.

షాపులో మూడు దారులు చెప్పారు. నాలుగింటికీ 19 × 10.5 ఈటీ25. లేదా ఉన్న రిమ్ములకే 20 మి.మీ. స్పేసర్లు, అంటే చక్రం వెనక పెట్టే మందపాటి బిళ్లలు. లేదా 20 అంగుళాలకు వెళ్లిపోవడం. వీటిలో ఏది సరైనది? అసలు వెడల్పు, ఈటీ ఎంతో మనమే లెక్కేసుకోవడం ఎలా?

ఈటీ_లెక్క:

10.5 వెడల్పు అనగానే భయపడనక్కర్లేదు. ఇదే తరం మస్టాంగ్‌లో పెర్ఫార్మెన్స్ ప్యాక్ 2 అనే రకానికి ఫోర్డే ముందు 10.5, వెనక 11 వెడల్పు రిమ్ములు, నాలుగింటికీ 305/30 ఆర్19 టైర్లు ఇచ్చింది. మీకు చెప్పినదాంట్లో చిక్కంతా ఈటీ25తోనే.

లెక్క చిన్నదే. రిమ్ వెడల్పు అంగుళాలను 25.4తో హెచ్చవేసి సగం చేయండి. ఆ సగానికి ఈటీ కలిపితే హబ్ (చక్రాన్ని బిగించే భాగం) ముఖం నుంచి రిమ్ లోపలి అంచు ఎంత దూరమో వస్తుంది. సగంలోంచి ఈటీ తీసేస్తే బయటి అంచు దూరం వస్తుంది. నిజానికి రిమ్ పెదవి నుంచి పెదవికి కొలిస్తే చెప్పిన వెడల్పు కన్నా దాదాపు అంగుళం ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే 9, 10 అనేవి టైరు కూర్చునే చోటి కొలతలు. పాత రిమ్‌కూ కొత్తదానికీ అదే అంగుళం కలుస్తుంది కాబట్టి తేడా మాత్రం సరిగ్గానే వస్తుంది. మనకు కావలసింది ఆ తేడాయే.

మీ ముందు చక్రం 9 ఈటీ45. సగం 114.3. లోపలికి 159.3, బయటికి 69.3.
వెనకది 9.5 ఈటీ52.5. సగం 120.65. లోపలికి 173.15, బయటికి 68.15.
షాపు చెప్పిన 10.5 ఈటీ25. సగం 133.35. లోపలికి 158.35, బయటికి 108.35.

అంటే ముందు రిమ్ బయటి అంచు 39 మి.మీ., వెనకది 40 మి.మీ. బయటికొస్తుంది. నాలుగు సెంటీమీటర్లు! లోపల మాత్రం ముందు 1 మి.మీ. కూడా మారలేదు, వెనక దాదాపు 15 మి.మీ. ఖాళీ వృథా. కంపెనీ ఫెండర్లతో ఇది పట్టదు. ఫెండర్ అంచులు మడిపించినా నిండుగా నలుగురు కూర్చుని స్పీడ్ బ్రేకర్ ఎక్కితే టైరు భుజం కోసుకుపోతుంది.

రోడ్డు కారుకు నేను పట్టుకునే పద్ధతి ఒక్కటే. కంపెనీ వాళ్లు లోపలి అంచును ఎక్కడ పెట్టారో దాదాపు అక్కడే ఉంచి, పెంచే వెడల్పును బయటికి పంపాలి. లోపలివైపు స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన నిలువు కాడ), స్టీరింగ్ రాడ్, బ్రేక్ పైపు ఉంటాయి. అక్కడ రాసుకుంటే బయటికి కనిపించదు, వినపడేసరికి టైరు లోపలి గోడ సగం కోసుకుపోయి ఉంటుంది. బయట రాసుకుంటే వెంటనే కంటికి కనిపిస్తుంది. వెడల్పు అర అంగుళం పెరిగితే రెండు వైపులా 6.35 చొప్పున పెరుగుతుంది. కాబట్టి ప్రతి అర అంగుళానికీ ఈటీని 6 దాకా తగ్గిస్తే లోపలి అంచు ఉన్నచోటే ఉంటుంది.

ఆ లెక్కన ముందు 19 × 9.5 ఈటీ40: లోపలికి 160.65, బయటికి 80.65. లోపల 1.35 పెరిగింది, బయట 11.35.
వెనక 19 × 10 ఈటీ45: లోపలికి 172, బయటికి 82. లోపల 1 మి.మీ. పైచిలుకు తగ్గింది, బయట దాదాపు 14 పెరిగింది.

టైర్లు ఉన్న సైజులే వేయొచ్చు. 255/40కి 8.5 నుంచి 10 వరకు, 275/40కి 9 నుంచి 11 వరకు రిమ్ అనుమతిస్తారు. రెండూ మధ్యలోనే పడుతున్నాయి. అడిగినట్టు ఫెండర్ దాకా వచ్చినట్టూ ఉంటుంది, స్పీడోమీటరూ ఏబీఎస్సూ తేడా పడవు.

ఇక ముందు చక్రాలకు ఈటీ బాగా తగ్గిస్తే చూపుతో అయిపోదు. ఈటీ 45 నుంచి 25కి పడితే టైరు మధ్యరేఖ స్టీరింగ్ తిరిగే ఇరుసుకు 20 మి.మీ. దూరం జరుగుతుంది. దాంతో రోడ్డు మీది ప్రతి గాడీ స్టీరింగ్‌ను లాగుతుంది, ఒక చక్రం గుంతలో పడితే చేతికి దెబ్బ తగులుతుంది. ఒకవైపు తడి, ఒకవైపు పొడి ఉన్నచోట గట్టిగా బ్రేక్ కొడితే కారు పక్కకు గుంజుతుంది. వీల్ బేరింగ్‌కు కూడా భారం పక్కకు జరిగినట్టే. ముందువైపు 5 నుంచి 8 మి.మీ. తగ్గింపు దాకా ఇవేవీ పెద్దగా తెలియవు. 20 అంటే మొదటి కిలోమీటర్‌లోనే తెలుస్తుంది.

టైరుభాషా:

పై లెక్క రిమ్ వరకే. స్ట్రట్‌కు తగిలేది రిమ్ పెదవి కాదు, టైరు పొట్ట, అంటే పక్కకు ఉబ్బిన గోడ. దానికి వేరే లెక్క ఉంది.

టైరు మీద 255 అని ఉన్నా అసలు వెడల్పు వేసిన రిమ్‌ను బట్టి మారుతుంది. ప్రతి టైరుకూ ఒక కొలత రిమ్ ఉంటుంది. 255/40కి అది 9, ఆ రిమ్ మీద పొట్ట దాదాపు 260 మి.మీ. 275/40కి కొలత రిమ్ 9.5, పొట్ట దాదాపు 278. రిమ్ అర అంగుళం పెరిగితే పొట్ట 5 మి.మీ. మాత్రమే పెరుగుతుంది, అంటే పక్కకు 2.5. రిమ్ పెదవి మాత్రం 6.35 జరుగుతుంది. ఈటీ_లెక్క గారు చెప్పిన సైజుల్ని దీంతో చూడండి:

ముందు ఇప్పుడు: పొట్టలో సగం 130. లోపలికి 175, బయటికి 85.
9.5 ఈటీ40 మీద అదే 255: సగం 132.5. లోపలికి 172.5, బయటికి 92.5.
వెనక ఇప్పుడు: సగం 139. లోపలికి 191.5, బయటికి 86.5.
10 ఈటీ45 మీద అదే 275: సగం 141.5. లోపలికి 186.5, బయటికి 96.5.

కాబట్టి టైరు నిజంగా బయటికొచ్చేది ముందు 7.5, వెనక 10 మి.మీ. స్ట్రట్ దగ్గర ఖాళీ తగ్గదు, 2.5 పెరుగుతుంది. టైరు కంపెనీల మధ్య 5 మి.మీ. దాకా తేడా మామూలే. ఒకే సైజులో కొన్నింటి భుజం చతురస్రంగా, కొన్నింటిది గుండ్రంగా ఉంటుంది. కొనబోయే టైరు స్పెక్ షీట్‌లో సెక్షన్ వెడల్పు, ఏ రిమ్ మీద కొలిచారో రెండూ రాసి ఉంటాయి. ఆ అంకెలు తీసుకుని మళ్లీ లెక్కేయండి.

20 అంగుళాల సంగతి: 255/35 ఆర్20 వేస్తే వ్యాసం మారదు, రెండూ 686 చిల్లరే. కానీ సైడ్‌వాల్ 102 నుంచి 89కి పడుతుంది. 13 మి.మీ. రబ్బరు పోయి ఆ చోట అల్యూమినియం వస్తుంది. మన ఊళ్లో వానాకాలం రోడ్డు మీద నీళ్లు నిలిచాక గుంత లోతెంతో ఎవరికి తెలుసు? ఆ 13 మి.మీ. మీదే రిమ్ వంగడం, వంగకపోవడం ఆధారపడి ఉంటుంది. 19 దగ్గరే ఆగండి.

305 లాంటివి కూడా రోడ్డు కారుకు వద్దు. టైరు వెడల్పు పెరిగేకొద్దీ నీళ్లను పక్కకు నెట్టడం కష్టం, తక్కువ వేగంలోనే టైరు నీటి మీద తేలుతుంది. ఓఆర్‌ఆర్ మీద వేగ పరిమితి 120. జులైలో వాన పడేటప్పుడు ఆ వేగం దగ్గర 305 కన్నా 275 మేలు.

బాలానగర్_టర్నర్:

స్పేసర్ల గురించి ఎవరూ చెప్పలే, నేను చెప్త.

20 మి.మీ. స్పేసర్ పెడితే ఈటీ45 కాస్తా ఈటీ25 అయితది, వెనక 52.5 కాస్తా 32.5. పైన చెప్పిన స్టీరింగ్ గుంజుడు అంతా అట్లనే వస్తది. వెడల్పు పెరగకుండ నష్టం ఒక్కటే వచ్చినట్టు.

అయినా పెట్టుకుంటనంటే చూసుకోవల్సినవి ఉన్నయి. మస్టాంగ్‌కు 5 స్టడ్లు, స్టడ్ల వలయం వ్యాసం (పీసీడీ) 114.3, స్టడ్ ఎం14 × 1.5, చక్రం మధ్య బొక్క (హబ్ బోర్) 70.5. నట్టు స్టడ్ మీద కనీసం స్టడ్ మందమంత, అంటే 14 మి.మీ. ఎక్కాలె. 1.5 పిచ్ కాబట్టి తొమ్మిదిన్నర చుట్లు. అంతకన్న తక్కువ చుట్లల్ల బిగుసుకుందంటే ఆ నట్టును నమ్మొద్దు. 5 మి.మీ. పల్చటి స్పేసర్ పెట్టిన్నంటే మూడు చుట్లకు పైనే పోతయి. ఇంక హబ్ మీద చక్రం కూసునే పెదవి కూడా స్పేసర్ల మునిగిపోతది, చక్రం బరువంత నట్ల మీదనే పడుతది.

20, 25 మందం వాటికి సొంత స్టడ్లు ఉంటయి. వాటితోని తిప్పలేందంటే కారు స్టడ్లు స్పేసర్ ముఖం దాటి బయటికి పొడుచుకొస్తయి. రిమ్ వెనక వాటికి గుంతలుంటే సరే, లేకుంటే రిమ్ కూసోదు. కొందరు స్టడ్ కొసలు కోస్తరు, గా పని చెయ్యొద్దు. లోపలి బోరు, బయటి పెదవి రెండూ 70.5కు ఉన్నదే తీస్కోవాలె. మామూలు పోత అల్యూమినియంతోని తిప్పిచ్చిన స్పేసర్ వద్దు, 6061-టీ6 రకం గట్టి అల్యూమినియం అయినా ఉండాలె. లేత్ మీద తిప్పితే రెండు ముఖాలు ఒకదానికొకటి సమాంతరంగ లేవంటే 80, 90 వేగంల స్టీరింగ్ ఊగుతది. జనాలు బ్యాలెన్సింగ్ మీద బ్యాలెన్సింగ్ చేపిస్తరు, తప్పు ఆడ ఉండదు.

కొత్త అలాయ్స్‌కు హబ్ రింగులు మాత్రం తప్పవు. బయటి రిమ్ముల బోరు 72.6, 73.1 గట్ల పెద్దగ ఉంటది. రింగు బయటి కొలత రిమ్ బోరుకు, లోపలిది 70.5కు సరిపోవాలె. ప్లాస్టిక్‌వి ఘాట్ రోడ్డు మీద బ్రేకుల వేడికి మెత్తబడి వంకర పోతయి, అల్యూమినియంవి తీస్కో. హబ్ ముఖం మీద తుప్పంత వైర్ బ్రష్‌తోని గీకి, పెదవికి మాత్రం కొంచెం యాంటీ సీజ్ రాయాలె. స్టడ్లకు నూనె, గ్రీజు ఏదీ పెట్టొద్దు. పెడితే టార్క్ రెంచ్ అదే అంకె చూపిస్తది గని స్టడ్ మాత్రం ఎక్కువ సాగుతది.

కొండాపూర్_వీ8:

అందరికీ థాంక్స్. కొలతలు తీయమన్నారు కదా, ఎక్కడెక్కడ, ఎలా తీయాలి? నా దగ్గర జాక్, స్టీల్ స్కేలు, అలెన్ కీల సెట్ ఉన్నాయి.

ఈటీ_లెక్క:

అవి చాలు. ఒక దారం, కొసకు కట్టడానికి ఒక నట్టు కూడా తీసుకోండి.

కారు సమానమైన నేల మీద, స్టీరింగ్ నిటారుగా పెట్టండి. జాక్ దించాక కారును రెండు గజాలు ముందుకు వెనక్కి తోయండి. జాక్ దించిన వెంటనే టైర్లు లోపలికి ముడుచుకుని ఉంటాయి, అప్పుడు తీసిన కొలత తప్పు. చక్రం మధ్యకు నేరుగా పైన, ఫెండర్ అంచు నుంచి దారం వేలాడదీయండి. దారం నుంచి టైరు పొట్టకు అడ్డంగా ఎంతుందో స్కేలుతో చూడండి. అదే బయట మీకున్న ఖాళీ. అందులో కనీసం 8 మి.మీ. మిగలాలి.

లోపల స్ట్రట్‌కూ టైరుకూ మధ్య స్కేలు పట్టదు. అక్కడికే అలెన్ కీలు. 5, 6, 8, 10, 12 వరసగా దూర్చండి. ఏది ఇరుక్కోకుండా దూరుతుందో అంత ఖాళీ. కొత్త టైరు వేశాక ఇక్కడ 5 కన్నా తగ్గకూడదు. మూలమలుపులో టైరు పక్కకు వంగుతుంది, బేరింగ్ కూడా కొంచెం ఆడుతుంది, ఆ 5 అందుకే.

తర్వాత స్టీరింగ్‌ను ఇటు చివరికి, అటు చివరికి తిప్పి చూడాలి. ముందు చక్రం ఎంత బయటికి జరిగితే అంత పెద్ద వలయంలో తిరుగుతుంది, కాబట్టి రాసుకుంటే ఫెండర్ వెనక కొసలో, లైనర్ (ఫెండర్ లోపలి ప్లాస్టిక్ కప్పు) కింద రాసుకుంటుంది. నిలబడి చూస్తే ఇది బయటపడదు. ముందు ఎడమ, వెనక కుడి చక్రాలను మందపాటి చెక్క దిమ్మెల మీదికి ఎక్కించి సస్పెన్షన్ నొక్కుకున్నాక మళ్లీ తిప్పండి. తర్వాత రెండో మూల. కారు కిందికి చేతులు పెట్టేముందు హ్యాండ్‌బ్రేక్ వేసి, నేల మీదున్న చక్రాలకు అడ్డు పెట్టండి.

ఇంకొకటి, వెడల్పూ ఈటీ రెండూ కుదిరినా స్పోక్ వెళ్లి బ్రేక్ క్యాలిపర్‌కు తగలొచ్చు. ఒకే 9.5 ఈటీ40 అయినా స్పోక్ వంపు ఒక డిజైన్‌లో లోపలికి, ఒకదాంట్లో బయటికి ఉంటుంది. ఈటీ అంకె ఇది చెప్పదు. రిమ్ కంపెనీ దగ్గర క్యాలిపర్ టెంప్లేట్ అడిగి, అసలు సైజులోనే ప్రింట్ తీసి, అట్ట మీద అంటించి కత్తిరించి క్యాలిపర్ మీద పెట్టి చూడండి. 3 మి.మీ. ఖాళీ ఉండాలి. టెంప్లేట్ ఇవ్వలేమంటే డబ్బు కట్టేముందు ఒక ఉత్త రిమ్ తొడిగి చూడనివ్వమనండి.

నాలుగూఒకటే:

ఒక్క మాట. ముందు 255, వెనక 275 వేయడం కంపెనీకి క్షేమం, ఎందుకంటే మలుపులో ముందు చక్రాలే మొదట పట్టు వదిలేలా చేస్తుంది. నడిపేవాడికి బద్ధకంగా అనిపించేదీ అదే. నాలుగింటికీ 19 × 10 ఈటీ40, 275/40 వేయండి. అనంతగిరి మలుపుల్లో ముందు భాగం వెంటనే తిరుగుతుంది. పైగా ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చుకోవచ్చు. వేర్వేరు సైజులతో ఆ వీలు లేదు, 515 ఎన్ఎం టార్క్‌కు వెనక రెండూ అరిగిపోతుంటే ముందువి అలాగే ఉంటాయి. ఏటా జత కొనాలి.

టైరుభాషా:

ఖర్చు విషయంలో నాలుగూఒకటే చెప్పింది నిజం. కానీ 10 ఈటీ40 మీద 275 వేస్తే ముందు పొట్ట లోపలికి 181.5, అంటే ఇప్పటికన్నా 6.5 ఎక్కువ. బయటికి 101.5, అంటే 16.5 ఎక్కువ. దానికితోడు 275/40 టైరు వ్యాసం 702.6, ఇప్పుడు ముందున్నది 686.6. చుట్టూ 8 మి.మీ. ఎత్తు పెరుగుతుంది. మూడు దిక్కుల్లోనూ పెరిగింది. కొలతలు చూడకుండా వద్దు.

ఎత్తు పెరగకూడదని 285/35 వేసేవాళ్లున్నారు, వ్యాసం 682. ముందు బాగానే ఉంటుంది, వెనక మాత్రం వ్యాసం 20 తగ్గి కారు 10 మి.మీ. కిందికి దిగుతుంది. మన కాలనీ స్పీడ్ బ్రేకర్లకు ఈ కారు పొట్ట ముందే దగ్గర, ఆ 10 కూడా వదులుకోవద్దు. స్పీడోమీటర్ కూడా దాదాపు 3 శాతం ఎక్కువ చూపిస్తుంది.

కొండాపూర్_వీ8:

కొలిచా. దారం నుంచి టైరు పొట్టకు ముందు 22, వెనక 26. ఎడమ కుడి ఒకటి రెండు తేడా ఉంది, తక్కువవే రాశా. స్ట్రట్ దగ్గర 10 అలెన్ కీ దూరింది, 12ది దూరలేదు. దిమ్మెల మీద పెట్టి తిప్పినప్పుడు ఎక్కడా తగలలేదు, లైనర్‌కు వేలు మందం కన్నా ఎక్కువే ఉంది.

నాలుగూఒకటే గారు చెప్పిన టైర్ల మార్పిడి నచ్చింది. దానికి దారి ఉందా?

ఈటీ_లెక్క:

ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. 10 ఈటీ40 మీద 275: లోపల 10లో 6.5 పోతే మిగిలేది 3.5. చాలదు. ఈటీ35కి మారిస్తే లోపల 8.5 మిగులుతుంది గానీ బయట 21.5 పెరుగుతుంది, మీకున్నదే 22. అదీ కుదరదు. ముందు 10 వెడల్పు మీ కారుకు అటూ ఇటూ ఇరుకే. 20 మి.మీ. స్పేసర్ మాట కూడా ఇక్కడితో తేలిపోయింది: 22లో 20 పోతే 2 మిగులుతుంది.

వెడల్పు అర అంగుళం తగ్గించండి. నాలుగింటికీ 19 × 9.5 ఈటీ40, 275/40. పొట్టలో సగం 139. ముందు లోపలికి 179, అంటే 4 పెరిగి 6 మిగులుతుంది. బయటికి 99, అంటే 14 పెరిగి 8 మిగులుతుంది. రెండూ కనీస హద్దుకు తగ్గలేదు, కొసరు మాత్రం లేదు. వెనక బయటికి 12.5 పెరిగి 13.5 మిగులుతుంది, లోపల సమస్యే లేదు. లైనర్ దగ్గర వేలు మందం ఉందన్నారు, అందులో 8 పోతుంది. కొత్త టైర్లు వేశాక దిమ్మెల పరీక్ష మళ్లీ చేయాలి.

సొంతంగా ఎంచుకోమంటే నేను మాత్రం 9.5, 10 జత వైపే మొగ్గుతాను. ముందు లోపల 12.5, బయట 14.5 మిగులుతాయి. ఏ కంపెనీ టైరైనా కళ్లు మూసుకుని వేసుకోవచ్చు. రెండో దారిలో పొట్ట ఎక్కువున్న టైరు కొంటే స్ట్రట్ దగ్గర 6 కాస్తా 4 అవుతుంది. టైర్ల మార్పిడి కావాలంటే ఆ జాగ్రత్త తప్పదు.

నాలుగూఒకటే:

9.5కి ఒప్పుకుంటున్నా, ఆ కొలతలకు అదే సరి. బయట ఆ 8 తక్కువనిపిస్తే క్యాంబర్, అంటే చక్రం నిలువు వాలు, ఉంది. ఒక డిగ్రీ నెగటివ్ పెంచితే టైరు పైభాగం దాదాపు 6 మి.మీ. లోపలికి వస్తుంది. ఎక్కడ పెంచుతున్నారన్నది మాత్రం అడిగి తెలుసుకోండి. స్ట్రట్ పైన టాప్ మౌంట్ దగ్గర జరిపితే స్ట్రట్, చక్రం కలిసే వంగుతాయి, మధ్య ఖాళీ తగ్గదు. కింద స్ట్రట్‌ను నకుల్‌కు (హబ్‌ను మోసే భాగానికి) పట్టి ఉంచే రెండు బోల్టుల్లో క్యాంబర్ బోల్ట్ వేస్తే చక్రం ఒక్కటే స్ట్రట్ వైపు వాలుతుంది. మీకు మిగిలేది 6, అది కూడా పోతుంది. రోజూ తిరిగే కారుకు మొత్తం నెగటివ్ ఒకటిన్నర డిగ్రీ దాటితే లోపలి భుజం ముందే అరుగుతుంది.

స్టెబిలిటీ కంట్రోల్ గురించి ఎవరైనా భయపెడితే, ఇదే కారుకు అమెరికాలో చిన్న ఇంజిన్‌తో నాలుగింటికీ 235/55 ఆర్17 వచ్చింది, పెర్ఫార్మెన్స్ ప్యాక్ 2లో నాలుగూ 305 వచ్చాయి. వెనక చక్రాలతో నడిచే కారు కాబట్టి ముందు వెనక వ్యాసం సమానమైతే గేర్‌బాక్స్‌కు నష్టం లేదు. నాలుగు చక్రాలూ తిప్పే కార్లలో ఈ స్వేచ్ఛ ఉండదు, అక్కడ కంపెనీ పెట్టిన నిష్పత్తి మార్చకూడదు.

కాగితాలరావు:

చట్టం సంగతి రెండు ముక్కల్లో. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు అసలు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు కూడా అదే చెప్పింది. 2019 సవరణ తర్వాత 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. టైరు ఫెండర్ దాటి బయటికి కనబడితే ఆపేవాళ్లకు మొదట కనబడేదీ అదే. 10.5 ఈటీ25 వద్దనడానికి ఇదీ ఒక కారణం.

ఇన్సూరెన్స్ కంపెనీకి కొత్త అలాయ్స్ గురించి రాసి, పాలసీలో నాన్ ఎలక్ట్రికల్ యాక్సెసరీస్ కింద వాటి విలువ చేర్పించి, ఎండార్స్‌మెంట్ తీసుకోండి. చేర్చకపోతే గుంతలో రెండు రిమ్ములు పోయినప్పుడు వాటి డబ్బు రాదు. బిల్లు జీఎస్టీతో తీసుకోండి. కంపెనీ రిమ్ములు అమ్మకండి, కారు అమ్మేటప్పుడు అడుగుతారు.

కొండాపూర్_వీ8:

సరే, ముందు 9.5 ఈటీ40, వెనక 10 ఈటీ45, ఉన్న టైరు సైజులే. మార్పిడి కోసం 6 మి.మీ.తో బతకడం కన్నా ఇదే మేలనిపించింది. రిమ్ కొనేముందు, బిగించేటప్పుడు ఇంకేం చూడాలి?

ఈటీ_లెక్క:

డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ముందు, వెనక యాక్సిల్ గరిష్ఠ భారం ఉంటుంది. ఎక్కువ ఉన్నదాన్ని సగం చేయండి. రిమ్ వెనక పోతలోనే అచ్చయిన లోడ్ రేటింగ్ అంతకన్నా తక్కువ ఉండకూడదు. జేడబ్ల్యూఎల్, వీఐఏ అనే జపాన్ నాణ్యతా ముద్రలు చూడండి. లోడ్ అంకె లేని రిమ్ ఎంత చవకైనా పక్కన పెట్టేయండి. బడ్జెట్ ఫోర్జ్‌డ్‌కు (సాగగొట్టి చేసిన రిమ్‌కు) అందకపోతే ఫ్లో ఫార్మ్‌డ్ (పోతపోసి అంచును ఒత్తి సాగదీసినది) తీసుకోండి. మామూలు పోత రిమ్‌లో ఇదే బలం కావాలంటే బరువు పెరుగుతుంది. టైరుకు కూడా లోడ్ ఇండెక్స్ కంపెనీ టైరు మీదున్నదానికి తగ్గకూడదు. ఇండెక్స్ 96 అంటే 710 కిలోలు, 100 అంటే 800.

టైరు ప్రెషర్ సెన్సర్లు పాతవి తీసి కొత్త రిమ్‌లకు వేయించుకోవచ్చు. కొత్తవి కొంటే పాతదాని మీద రాసిన ఫ్రీక్వెన్సీ చూసి కొనండి. అమెరికా కార్లవి 315 మెగాహెర్ట్‌జ్, యూరప్‌వి 433. బయటి సైట్లలో మస్టాంగ్ పేరుతో దొరికేవి ఎక్కువగా 315వే, తేడా ఉంటే కారు వాటిని గుర్తించదు.

బాలానగర్_టర్నర్:

నట్లు మర్చిపోయిన్రు. కారుతో వచ్చిన నట్లు లావుగ ఉంటయి, బయటి రిమ్ముల నట్టు బొక్క సన్నగ ఉంటే సాకెట్ దిగక రిమ్ గీసుకపోతది. సన్న గోడ ఉన్న ఎం14 × 1.5 నట్లు, 60 డిగ్రీల కోన్ కొస ఉన్నవి తీస్కో. గుండ్రటి కొసవి కోన్ గుంతల పెడితే ఒక గీత మీదనే ఆనుతయి, నాలుగు రోజులల్ల వదులైతయి.

చక్రం గాలిలో ఉండగనే చేత్తోని అన్ని నట్లు తిప్పి, నక్షత్రం ఆకారంల కొంచెం కొంచెం బిగించి, నేల మీదికి దించినంక టార్క్ రెంచ్‌తోని 204 ఎన్ఎం. ఎయిర్ గన్‌తోని చివరి బిగింపు చెయ్యనియ్యొద్దు. కొత్త అల్యూమినియం కూసునేటప్పుడు కొంచెం అణుగుతది, 100 కిలోమీటర్లు తిరిగినంక చక్రాలు చల్లగ ఉన్నప్పుడు మళ్ల అదే 204కు చూడు. ఓఆర్‌ఆర్ ఎక్కుడు దాని తర్వాతనే.